గ్రంథాలయ పితామహుడు – అయ్యంకి వెంకట రమణయ్య

అమలాపురం, రాజోలు, కొత్తపేట – మన కోనసీమలో ఏ పెద్ద ఊరు వెళ్లినా శాఖా గ్రంథాలయం అని బోర్డు కట్టిన గది ఒకటి కనిపిస్తుంది. పొద్దున్నే తలుపు తీస్తారు. రిటైరైన మాస్టారు పేపరు మొదటి పేజీ పట్టుకుంటారు. కొబ్బరి రైతు అంబాజీపేట మార్కెట్టు ధర ఉన్న పేజీ వెతుక్కుంటాడు. సాయంత్రం అయ్యేసరికి పోటీ పరీక్షలకు చదివే అన్నయ్యలు, అక్కయ్యలు బల్లల చుట్టూ చేరతారు. ఎవరూ డబ్బు అడగరు, ఏ కులం, ఏ ఊరు అని అడగరు. ఇదంతా ఎప్పట్నించో ఇలాగే ఉందనీ, సర్కారువాళ్లు పెట్టిందేననీ మనం అనుకుంటాం. కాని ఈ గది వెనక ఒక మనిషి నడిచిన వందల మైళ్ల నడక ఉంది. ఆయనే అయ్యంకి వెంకట రమణయ్యగారు.

వెంకట రమణయ్యగారు 1890 జూలై 24న పుట్టారు. ఊరు కొంకుదురు. గౌతమికి ఆవలి ఒడ్డున, పాత తూర్పుగోదావరి జిల్లాలోది. అంటే మనకు ఏటి అవతలి చుట్టం అన్నమాట. ఆయన పుట్టేనాటికి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు పొలాలకు చేరి నలభై ఏళ్లు కావస్తోంది. కాలవలు వచ్చాయి, వరి పండింది, ఇళ్లలో గింజ నిలిచింది. కాని అక్షరం మాత్రం ఆ కాలవల వెంట రాలేదు. 1911 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవను, రాయను వచ్చినవాళ్లు నూటికి ఆరుగురే. పుస్తకం అనేది జమీందారు బీరువాలోనో, పండితుడి అటక మీదో, పట్నంలో దొరల క్లబ్బులోనో ఉండే వస్తువు.

1907లో వందేమాతరం ఉద్యమపు రోజుల్లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించారు. రాజమహేంద్రవరంలో ఆ ఉపన్యాసాల వేడికి విద్యార్థులు కదిలారు, కొందరు కాలేజీల నుంచి బహిష్కృతులయ్యారు. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఒకరు. ఆ ఉపన్యాసాల ప్రభావం బందరులో ఉన్న పదిహేడేళ్ల వెంకట రమణయ్యగారి మీద కూడా పడింది. ఒకరు రాజమండ్రిలో, ఒకరు బందరులో, ఇద్దరూ విద్యార్థులే. తరవాత జీవితకాలం గ్రంథాలయోద్యమంలో వీరిద్దరూ జోడెడ్లలాగా పనిచేశారు. మన వయసులో ఉన్న కుర్రవాళ్లు విన్న ఒక ఉపన్యాసం ఎంత దూరం పోయిందో చూడండి.

అయితే ఆ వేడిలో వెంకట రమణయ్యగారికి ఒక సందేహం కలిగి ఉంటుంది. సభకు వచ్చినవాడు ఉపన్యాసం విని ఇంటికి పోతాడు. తెల్లవారితే ఏం మిగులుతుంది? దేశం గురించి రోజూ తెలుసుకునే ఒక చోటు ఊళ్లో ఉండాలి కదా! ఇరవయ్యో ఏట, 1910లో, ఆయన బందరు నుంచి ఆంధ్రభారతి అనే పత్రిక మొదలుపెట్టారు. పత్రిక నడిపినవాడికి దాన్ని చదివేవాళ్లు ఎంత తక్కువమందో, కొని చదవగలిగేవాళ్లు ఇంకా ఎంత తక్కువో తెలియకుండా ఉండదు. అక్కణ్ణుంచి ఆయన దారి గ్రంథాలయం వైపు తిరిగింది.

ఆ రోజుల్లో తెలుగునాట గ్రంథాలయాలు లేకపోలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, శాస్త్ర గ్రంథాలు తెలుగులో అచ్చువేయించసాగారు. సైన్సు విద్యార్థిగా నాకు ఈ సంగతి చాలా గొప్పగా తోస్తుంది. భౌతిక, రసాయన శాస్త్రాల సంగతులు తెలుగులో చెప్పవచ్చని నూరేళ్ల కిందటే చేసి చూపించారు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వచ్చింది. ఇలా ఊరికొకటిగా అక్కడక్కడ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కాని ఒక దీపానికి ఇంకొక దీపం సంగతి తెలియదు. చందాలు అయిపోతే నూనె అయిపోయినట్టే, తలుపు మూతపడేది.

వెంకట రమణయ్యగారు చేసిన అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఆయన ఇంకొక గ్రంథాలయం పెట్టడంతో సరిపెట్టుకోలేదు, ఉన్నవాటినన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధుల మహాసభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. గణపతి నవల రాసిన ఆ మహానుభావుడు చిన్ననాటి నుంచీ రేచీకటితో బాధపడ్డవారు. చూపు సరిగా లేని మనిషి పదిమందికీ చదువుకునే వీలు కలగాలని జరిగిన తొలి సభకు పెద్దరికం వహించడం తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. మరుసటి ఏడు, 1915లో, గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక వచ్చింది. దాని భారం వెంకట రమణయ్యగారే మోశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి తేదీలు పోల్చి చూడాలి. గ్రంథాలయ శాస్త్రం అనగానే మనం ఎస్.ఆర్. రంగనాథన్‌గారి పేరు చెబుతాం. న్యాయమే. కాని ఆయన మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడిగా చేరింది 1924లో. ఆయన పంచసూత్రాల గ్రంథం వెలువడింది 1931లో. అంటే శాస్త్రం రావడానికి ముందే మన తెలుగు పల్లెల్లో ఉద్యమం వచ్చిందన్నమాట. ఇంకొక పోలిక కూడా ఉంది. బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుణ్ణి పిలిపించి రాజ్యమంతటా గ్రంథాలయాలు ఏర్పాటుచేయించారు. చాలా మంచి పని. కాని అక్కడ ఖజానా ఉంది, ఆజ్ఞ ఉంది. ఇక్కడ ఖజానా లేదు, ఆజ్ఞ లేదు. పైగా తెల్లవాడి ప్రభుత్వానికి పదిమంది కలిసి పేపరు చదువుకునే చోటంటేనే అనుమానం. బరోడాలో గ్రంథాలయం పైనుంచి కిందికి దిగింది. ఆంధ్రలో నేలలోంచి మొలిచింది.

మొలవడానికి విత్తనం చల్లిన పద్ధతే గ్రంథాలయ యాత్ర. వెంకట రమణయ్యగారు కార్యకర్తలను వెంటబెట్టుకుని ఊరూరా నడిచేవారు. రచ్చబండ దగ్గర జనాన్ని కూడగట్టి గ్రంథాలయం ఎందుకో చెప్పేవారు. అది పెట్టడానికి మేడ అక్కర్లేదు. ఒకరు వసారా ఇస్తారు, ఒకరు పేపరు చందా కడతారు, ఒకరు లాంతరు తెస్తారు. చదువు వచ్చినవాడు చదివితే రానివాళ్లు చుట్టూ కూర్చుని వింటారు. వ్యవసాయం చేసేవాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి గనక నాకు ఈ పద్ధతి బాగా అర్థమవుతుంది. పగలంతా చేలో ఉన్న మనిషి పుస్తకం వెతుక్కుంటూ పట్నం వెళ్లడు. పుస్తకమే అతని అరుగు మీదికి రావాలి. మా నాన్నగారు ఈనాటికీ పేపరు ఇంటికి వేయించుకోరు. పొలం నుంచి వస్తూ లైబ్రరీలో ఆగి చదివి వస్తారు. పదిమందిలో చదివితేనే చదివినట్టుంటుందని ఆయన అభిప్రాయం.

ఈ ఆలోచనను కాలవ మీదికి కూడా ఎక్కించారు మనవాళ్లు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలవ మీద కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవ గ్రంథాలయం నడిపించారు. ప్రయాణికులు పడవలో కూర్చుని చదువుకుంటూ పోయేవారు. నాటుపడవల మీద ధాన్యం, కొబ్బరికాయలు వెళ్లిన కాలవల పక్కన పెరిగిన మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

ఆంధ్రదేశంతో ఆగకుండా వెంకట రమణయ్యగారు ఉద్యమాన్ని దేశమంతటికీ తీసుకుపోయారు. 1919 నవంబరులో మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనక ఉండి నడిపించిన చెయ్యి ఈయనదే. అధ్యక్షత వహించింది బరోడా గ్రంథాలయాధికారి కుడాల్కర్‌గారు. చూశారా, పైనుంచి దిగిన గ్రంథాలయమూ, నేలలోంచి మొలిచిన గ్రంథాలయమూ ఒకే వేదిక మీద కలుసుకున్నాయి. మన లైబ్రరీల్లో ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి కదా. నెహ్రూగారి పుట్టినరోజని ఆ తేదీ పెట్టారని చాలామంది అనుకుంటారు. కాదు. 1919 మద్రాసు మహాసభకు గుర్తుగా ఆ తేదీని ఎంచుకున్నారు. 1968 నుంచి దేశమంతటా ఈ వారోత్సవాలు జరుగుతున్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, ఆ రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు అయింది. చందాల కోసం గుమ్మం గుమ్మం తిరిగినవాళ్ల కల ఒక విధంగా నెరవేరింది. 1972లో వెంకట రమణయ్యగారికి పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్లు. 1979 మార్చి 7న కన్నుమూశారు.

ఇంతవరకు చెప్పి చేతులు జోడిస్తే జీవితచరిత్ర పూర్తయినట్టే. కాని అలా ముగిస్తే ఆయనకు న్యాయం చేసినట్టు కాదు. ఆయన వదిలి వెళ్లిన పనిలో ఒక చిక్కు ఉంది, దాన్ని మనం విప్పాలి.

మొదటిది: ఆ తొలి రోజుల గ్రంథాలయాలు అందరికీ ఒకేలా తలుపులు తెరిచాయని గట్టిగా చెప్పలేం. అరుగు ఎవరిదైతే, ఆ అరుగు ఎక్కగలిగినవాళ్లే లోపలికి వెళ్లారు. ఆడవాళ్లకు, ఊరి చివరి పేటలవాళ్లకు ఆ గుమ్మం దూరమే అయింది. చట్టం వచ్చి పన్నుతో నడిచే గది ఏర్పడ్డాకనే, ఇది నాది అని హక్కుగా లోపలికి వచ్చే అవకాశం అందరికీ కలిగింది. అందుచేత సర్కారు చేతికి వెళ్లి లైబ్రరీ పాడైపోయింది అనే మాట నేను ఒప్పుకోను.

రెండోది: చట్టం వచ్చాక ఊరు చెయ్యి వెనక్కి తీసుకుంది. సెస్సు కట్టేశాం గనక మన పని అయిపోయిందనుకున్నాం. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థకు చేరకుండా మధ్యలో బకాయిలుగా నిలిచిపోతోందని తరచు వింటాం. కొత్త పుస్తకం రాదు, ఖాళీ అయిన ఉద్యోగం నిండదు. అయినా అడిగేవాడు లేడు. వెనకటి రోజుల్లో చందా ఇచ్చినవాడు లెక్క అడిగేవాడు. ఇప్పుడు పన్ను కట్టినవాడు అడగడు. తేడా అంతా ఇక్కడే ఉంది.

రసాయన శాస్త్రంలో ఉత్ప్రేరకం అని చదువుకుంటాం. అది చర్యలో పాల్గొంటుంది, వేగం పెంచుతుంది, చివరికి తాను మాత్రం అలాగే మిగులుతుంది. గ్రంథాలయం కూడా అంతే. ఒక పుస్తకాన్ని వందమంది చదివినా అందులోని మాట తరగదు. కాని పాత్రలో వేసేవాళ్లు లేకపోతే ఎంత మంచి ఉత్ప్రేరకమైనా సీసాలోనే ఉండిపోతుంది.

సెల్‌ఫోనులో అన్నీ దొరుకుతుంటే లైబ్రరీ ఎందుకు అని మిత్రులు అంటారు. పోటీ పరీక్షల సీజనులో ఏ శాఖా గ్రంథాలయంలోనైనా కుర్చీ దొరుకుతుందేమో వెళ్లి చూడండి. ఇంట్లో గది లేనివాళ్లకు, కరెంటు పోతే వెలుతురు లేనివాళ్లకు, పుస్తకం కొనలేనివాళ్లకు ఆ కుర్చీయే కాలేజీ.

విద్యార్థి మిత్రులకు నాది చిన్న మనవి. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మీ ఊరి గ్రంథాలయంలో సభ్యులుగా చేరండి. పాసైపోయిన క్లాసు పుస్తకాలు అక్కడ ఇవ్వండి. మీ ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు ఎంతో చూసి, అది ఎక్కడికి వెళ్లిందని పంచాయతీలో మర్యాదగా అడగండి. లెక్చరర్లు, పూర్వ విద్యార్థులు కూడా తమ తమ ఊళ్లలో ఈ ప్రశ్న వేస్తే బలం వస్తుంది. వెంకట రమణయ్యగారి విగ్రహానికి దండ వేయడంకంటె ఇది కష్టమేమీ కాదు. ఆయన మొదలుపెట్టినప్పుడు వయసు ఇరవై. ఇది రాస్తున్న నాకూ ఇరవయ్యే, చదువుతున్న మీలో చాలామందికీ అంతే.