జేమ్స్ ప్రెస్కాట్ జూల్

జేమ్స్ ప్రెస్కాట్ జూల్ 1818వ సంవత్సరమున ఇంగ్లండునందలి సాల్ఫర్డు పట్టణమున జన్మించెను. ఆయన తండ్రికి బీరు కర్మాగారము కలదు. అందలి ఆవిరియంత్రమునకు బదులు విద్యుద్యంత్రమును నెలకొల్పవచ్చునా యని యోచించి, జూల్ యౌవనముననే ప్రయోగములకు పూనుకొనెను. తీగలో ప్రవహించునపుడు విద్యుచ్ఛక్తి కొంత వేడిగా మారుచుండెను. ప్రవాహము రెట్టింపైనచో ఆ వేడి నాలుగింతలగునని 1840లో ఆయన నిరూపించెను. రాయల్ సొసైటీవారు ఆ వ్యాసమును సంగ్రహముగా మాత్రమే ప్రకటించిరి. అయినను జూల్ పరిశోధనమును విడువలేదు. 1850లో వారే ఆయనను సభ్యునిగా ఎన్నుకొనిరి. 1889లో ఆయన దివంగతుడయ్యెను.

నేడు తీగ తగిలింపకయే విద్యుత్కారుల బ్యాటరీలను నింపుచున్నారు. నేలయందును, కారు అడుగునను అమర్చిన తీగచుట్టలు వేడెక్కి శక్తి నష్టమగుట జూల్ సూత్రము ననుసరించియే. నష్టమును తగ్గింపగోరువాడు మొదట దానిని కొలువవలెను. జూల్ జీవితము మనకు నేర్పు పాఠమిదియే.