స్ఫటికాలను పలికించిన శాస్త్రవేత్త

ఆంధ్రదేశంలో భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన తొలితరం ఆచార్యులలో సూరి భగవంతం ప్రముఖులు. వారు 1909వ సంవత్సరం అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించి పట్టభద్రులయ్యారు. 1928లో సర్ సి.వి. రామన్ శిష్యరికాన్ని ఆశించి కలకత్తా చేరుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదో, అప్పుడే నిండాయో అన్నంత లేతప్రాయం. ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే రామన్ ఫలితం వెలుగుచూసింది. కొత్త దారి తెరచుకొన్న వేళ ఆ దారిలో తొలి అడుగులు వేసే భాగ్యం ఆ యువకునికి దక్కింది.

రామన్ ఫలితం బోధించే సత్యం ఒకటున్నది. ప్రతి అణువుకూ తనదైన కంపనం ఉంటుంది. దానిపై పడి చెదరిన కాంతిని పరిశీలిస్తే ఆ కంపనం తెలిసిపోతుంది. పదార్థాన్ని కదిలించి, అది ఏ లయలో స్పందిస్తుందో చూసి, దాని అంతరంగాన్ని గ్రహించడం అనే ఈ పద్ధతిని భగవంతం జీవితాంతం విడిచిపెట్టలేదు. సాధనాలు మారాయి; ఒకప్పుడు కాంతి, మరొకప్పుడు ధ్వని, ఇంకొకప్పుడు కేవలం గణితం.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పటి ఉపాధ్యక్షులు. విశ్వవిద్యాలయం పుట్టి ఆరేళ్ళే అయింది. ప్రయోగశాలను దాదాపు మొదటి నుంచి కట్టుకోవలసిన స్థితి. 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితాలపై ఆయన రచించిన ఆంగ్లగ్రంథం వెలువడింది. 1942లో, స్ఫటికాల దృక్ స్థితిస్థాపకతను గురించి జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ సిద్ధపరచిన పట్టిక కొన్ని స్ఫటిక తరగతుల విషయంలో సరికాదని ఆయన నిరూపించారు. ఆ పట్టిక సుమారు అర్ధశతాబ్ది కాలం ప్రమాణంగా చెలామణి అయినది. కొన్ని ఘనస్ఫటికాలకు మూడు స్థిరాంకాలు చాలునని పోకెల్స్ భావించగా, సౌష్ఠవ గణితం ప్రకారం నాలుగు ఉండితీరాలని భగవంతం తేల్చారు. ముప్పై మూడేళ్ళ ఆచార్యుడు ఒక మహాపండితుని లెక్కను సరిదిద్దిన ఈ సంగతిని విద్యార్థులు గుర్తుంచుకోవాలి; దీనికి మళ్ళీ వస్తాం.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణంపై జపాను విమానాలు బాంబులు కురిపించాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. పరికరాలను మూటగట్టుకొని మరొక ఊరిలో తాత్కాలిక వసతులలో సర్దుకోవలసి వచ్చింది. విదేశాల నుంచి యంత్రసామగ్రి రావడం యుద్ధకాలంలో ఎంత దుర్లభమో ఊహించవచ్చు. సరిగా ఆ సంవత్సరాలలోనే భగవంతం, ఆయన సహపరిశోధకులు జె. భీమసేనాచార్ కలిసి స్ఫటికాల దృఢత్వాన్ని కొలిచే ఒక నూతన పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతికి ప్రాణం అనునాదం.

అను అనగా వెంబడించి, నాదం అనగా ధ్వని. ఒకటి పలికితే దానిని అనుసరించి మరొకటి పలకడం అనునాదం. వీణపై ఒక తంత్రిని మీటినప్పుడు, అదే స్వరానికి శ్రుతి చేసిన పక్క తంత్రి ఎవరూ తాకకుండానే కంపిస్తుంది. విద్యుద్వలయంలో జరిగేది కూడ ఇదే. ఒక తీగచుట్టను, ఒక కెపాసిటరును వరుసగా కలిపి ఏకాంతర విద్యుత్తును పంపామనుకోండి. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ తీగచుట్ట చూపే అవరోధం పెరుగుతుంది. కెపాసిటరు స్వభావం దీనికి విరుద్ధం; దాని అవరోధం తగ్గుతుంది. ఒకానొక పౌనఃపున్యం వద్ద రెండు అవరోధాలూ సమానమై, ఒకదానికొకటి ఎదురైనవి కావడం చేత పరస్పరం రద్దవుతాయి. అప్పుడు మిగిలేది తీగల నిరోధం మాత్రమే. విద్యుత్ప్రవాహం పతాకస్థాయికి చేరుతుంది. అదే ఆ వలయపు అనునాద పౌనఃపున్యం. దానికి ముందూ వెనుకా ప్రవాహం పడిపోతుంది. ఈ స్పందనను గీత గీసి చూస్తే, నిరోధం తక్కువైన వలయంలో సూదిమొన వంటి శిఖరం లేస్తుంది. నిరోధం ఎక్కువైతే అది మన హనుమకొండలోని పద్మాక్షి గుట్టలా వెడల్పుగా, మందంగా ఉంటుంది. రేడియో మరను తిప్పినప్పుడు ఎన్నో కేంద్రాల తరంగాల మధ్య వరంగల్లు ఆకాశవాణి ఒక్కటే వినిపించడానికి కారణం ఈ శిఖరమే.

క్వార్ట్జ్ అనే స్ఫటికానికి ఒక విచిత్రగుణం ఉన్నది. దానిని నొక్కితే విద్యుదావేశం పుడుతుంది. విద్యుత్తును ఇస్తే అది సంకోచవ్యాకోచాలు చెందుతుంది. 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న ధర్మమిది. అందుచేత క్వార్ట్జ్ పలకను విద్యుద్వలయంలో చేర్చితే, అది కూడ అతి తీక్ష్ణమైన శిఖరం గల ఒక అనునాద వలయంవలె ప్రవర్తిస్తుంది. మన చేతిగడియారాలలోని చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ కాలాన్ని లెక్కించడం ఈ గుణం వల్లనే.

పలక మందంలో ధ్వని తరంగపు సగభాగం సరిగా ఇమిడినప్పుడు ఆ పలక ప్రధానంగా అనునాదం చెందుతుంది. కనుక పలక మందాన్ని కొలిచి, అనునాద పౌనఃపున్యాన్ని కనుగొంటే, రెండింటి లబ్ధాన్ని రెట్టింపు చేసినప్పుడు ఆ పదార్థంలో ధ్వనివేగం తెలుస్తుంది. వేగపు వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే స్థితిస్థాపక స్థిరాంకం లభిస్తుంది. ఏ దిక్కున నొక్కితే స్ఫటికం ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పే సంఖ్య అది. లెక్క ఇంత సులభమైనది. చిక్కంతా ఆ పౌనఃపున్యాన్ని వెదికి పట్టుకోవడంలోనే ఉన్నది. సమానమైన మందం గల క్వార్ట్జ్ పలక తన సొంత పౌనఃపున్యం వద్ద, దాని కొన్ని గుణిజాల వద్ద మాత్రమే బలంగా పలుకుతుంది. పరీక్షింపదలచిన స్ఫటికం ఆ స్వరాలకు స్పందించకపోతే ప్రయోగం అక్కడితో సరి. ఎన్నో మందాల పలకలు కావాలి. యుద్ధకాలంలో అవి ఎక్కడివి?

భగవంతం, భీమసేనాచార్లు క్వార్ట్జ్‌ను సమానమైన పలకగా గాక ఆప్పు ఆకారంలో, ఒక అంచు సన్నగా, మరొక అంచు మందంగా ఉండేటట్లు చేయించారు. ఆప్పులో ప్రతిచోటా మందం వేరు. కాబట్టి డోలకపు కెపాసిటరును తిప్పుతూ పౌనఃపున్యాన్ని క్రమంగా మార్చుకొంటూ పోతే, ఆప్పులో ఎక్కడో ఒకచోట ఆ పౌనఃపున్యానికి తగిన మందం ఉండనే ఉంటుంది. ఆ భాగం పలుకుతుంది. ఒక్క ముక్కతోనే అవిచ్ఛిన్నమైన స్వరాల వరుస చేతికి వచ్చింది. పరీక్షింపవలసిన స్ఫటికపు పలకను ఆ ఆప్పుపై ఉంచి, దానిమీద ద్రవపాత్రను అమర్చి, ద్రవం గుండా కాంతిని పంపారు. పలక అనునాదం చెందినప్పుడు అతిధ్వని దానిగుండా ధారాళంగా ద్రవంలోకి ప్రవేశిస్తుంది. ద్రవం వివర్తన జాలకంలా మారి, కాంతి పక్కలకు విడివడి కనిపిస్తుంది. చెవికి వినబడని నాదాన్ని కంటితో చూసే ఉపాయమిది. కొనలేని పరికరానికి బదులు ఉన్న ముక్కనే ఏటవాలుగా చెక్కుకోవడం నా దృష్టిలో ఆయన కృషిలోకెల్లా అందమైన ఘట్టం.

ఈ పద్ధతితో వారు వజ్రాన్ని పరీక్షించారు. కృష్ణాతీరంలోని కొల్లూరు గనులు ఒకనాడు ప్రపంచానికి వజ్రాలను పంపిన చోటు. ఆ కొల్లూరు కూడ గుంటూరు సీమలోనిదే కావడం యాదృచ్ఛికమైనా ముచ్చటైన విషయం. వజ్రంలో ధ్వని సెకనుకు సుమారు 18 కిలోమీటర్లు పయనిస్తుంది. గాలిలో కంటె దాదాపు యాభై రెట్లు అధికం. ఒక మిల్లీమీటరు మందం గల వజ్రపు పలక సెకనుకు దాదాపు 90 లక్షల కంపనాల వద్ద గాని అనునాదం చెందదు. 1944లో ఫలితాలను సంక్షిప్తంగాను, 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో సమగ్రంగాను ప్రకటించారు. వజ్రపు మూడు స్థితిస్థాపక స్థిరాంకాలు గిగాపాస్కల్ ప్రమాణంలో 950, 390, 430 అని వారు తేల్చారు. ఆ విలువలు దశాబ్దకాలం ప్రామాణికంగా నిలిచాయి.

1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన మెక్‌స్కిమిన్, బాండ్ అతిధ్వని స్పందాల పద్ధతితో వజ్రాన్ని తిరిగి కొలిచారు. వారికి లభించిన విలువలు సుమారు 1076, 125, 576. మొదటిదానిలో తేడా పరిమితమైనది. మూడవదానిలో అంతకంటె ఎక్కువ. రెండవది మాత్రం మూడోవంతుకు పడిపోయింది. ఈ రెండవ స్థిరాంకం ఏ ఒక్క ధ్వనివేగం నుంచీ నేరుగా రాదు; ఇతర కొలతలను కూడి, తీసివేసి రాబట్టాలి. అందువల్ల మిగిలినవాటిలోని చిన్న దోషాలన్నీ వచ్చి దీనిపై పేరుకొంటాయి. పైగా వజ్రం, దాని అడుగున ద్రవపు పొర, ఆ అడుగున క్వార్ట్జ్ అన్నీ కలిసి ఒకే వలయంగా కంపించేటప్పుడు శిఖరం తన అసలు చోటు నుంచి కొంత జరిగే అవకాశమున్నది. పోకెల్స్ పట్టికను సరిదిద్దిన ఆచార్యుని సంఖ్యలను పదిహేనేళ్ళ తరువాత మరొకరు సరిదిద్దారు. దీనిని పరాజయంగా చెప్పేవారు శాస్త్రం నడిచే తీరు ఎరుగనివారు. వజ్రపు స్థిరాంకాలను పూర్తిగా కొలవవచ్చునని మొదట చూపినవారు భగవంతం, భీమసేనాచార్లే. ఆప్పు పద్ధతితో మరెన్నో స్ఫటికాలను, ఖనిజాలను కొలిచిన పరిశోధకుల బృందం మన విశ్వవిద్యాలయాలలో తయారైంది.

తరువాతి జీవితం పదవులతో నిండినది. 1948లో టి. వెంకటరాయుడుతో కలిసి, భౌతిక సమస్యలకు సమూహ సిద్ధాంతాన్ని అన్వయించే ఉద్గ్రంథం ప్రకటించారు. కొంతకాలం లండన్‌లో శాస్త్రీయ సంబంధాల అధికారిగా పనిచేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చి 1952 నుంచి 1957 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో గాని ఏర్పడలేదు; ఆ రోజులలో వరంగల్లు కళాశాల విద్యార్థులు ఉస్మానియా పరీక్షలే వ్రాసేవారు. బెల్ ప్రయోగశాల ఫలితాలు వెలువడిన 1957లోనే ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులయ్యారు. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఆ వ్యవధిలోనే, 1962 చైనా యుద్ధం నేర్పిన చేదు పాఠం నడుమ, దేశ రక్షణ పరిశోధన విస్తరించింది. హైదరాబాదులో రక్షణ ప్రయోగశాలలు నెలకొన్నాయి.

ఇన్ని కార్యభారాల నడుమ కూడ ఆయన స్ఫటికాలను మరువలేదు. స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై రచించిన గ్రంథం 1966లో, సలహాదారు పదవిలో ఉండగానే వెలువడింది. 1989 ఫిబ్రవరిలో తమ 79వ యేట భగవంతం పరమపదించారు.