రుడాల్ఫ్ ఆకర్‌మన్

రుడాల్ఫ్ ఆకర్‌మన్ (ఏప్రిల్ 20, 1764 - మార్చి 30, 1834) జర్మనీలో జన్మించి ఇంగ్లాండులో స్థిరపడిన గుర్రపు బండ్ల రూపశిల్పి, వ్యాపారి, పుస్తక ప్రచురణకర్త. లండన్ నగరంలో ఇతడు నడిపిన చిత్రాల దుకాణం, వెలువరించిన రంగు చిత్రాల గ్రంథాలు 19వ శతాబ్దపు తొలి దశకాలలో ఎంతో ప్రసిద్ధి పొందాయి. అయితే నేడు ఇతని పేరు ఎక్కువగా వినబడేది మోటారు వాహనాల స్టీరింగు పాఠంలో. వాహనం మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు రెండూ వేర్వేరు కోణాలలో తిరిగే అమరికను ఆకర్‌మన్ స్టీరింగు అంటారు. ఆ అమరికను కనిపెట్టినది మాత్రం ఇతడు కాదు.

బాల్యం, వృత్తి

ఆకర్‌మన్ సాక్సనీ ప్రాంతంలోని స్టోల్‌బెర్గ్‌లో జన్మించాడు. తండ్రి గుర్రపు జీనులు తయారు చేసేవాడు. రుడాల్ఫ్ స్థానిక లాటిన్ పాఠశాలలో చదివాడు. విశ్వవిద్యాలయ విద్యను అభ్యసించాలని కోరిక ఉన్నా కుటుంబ ఆర్థిక స్థితి అందుకు సహకరించలేదు. అందువలన తండ్రి వృత్తినే చేపట్టి, క్రమంగా బండ్ల నమూనాలు గీయడంలో నైపుణ్యం సంపాదించాడు. పని నేర్చుకుంటూ జర్మన్ పట్టణాలలోను, తరువాత బాసెల్, పారిస్ నగరాలలోను గడిపి, ఇరవై మూడేళ్ళ వయసులో లండన్ చేరుకున్నాడు.

లండన్‌లో ఇతడు సుమారు పది సంవత్సరాలు బండ్ల తయారీదారులకు నమూనాలు గీసి ఇచ్చాడు. ఐర్లాండు ఉన్నతాధికారుల కోసం రూపొందించిన అలంకృత వాహనాలు ఇతనికి పేరు తెచ్చాయి. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో మరణించిన నౌకాధిపతి నెల్సన్ అంత్యక్రియలు 1806 జనవరిలో జరిగాయి. ఆ ఊరేగింపులో వాడిన శవవాహనపు రూపకల్పనలో ఇతనికి పాత్ర ఉంది.

చిత్రాల దుకాణం, ప్రచురణలు

1795లో ఆకర్‌మన్ ఒక ఆంగ్ల వనితను వివాహమాడి, స్ట్రాండ్ వీధిలో చిత్రాల దుకాణాన్ని, చిత్రలేఖన పాఠశాలను ప్రారంభించాడు. కొద్ది కాలానికే అదే వీధిలోని 101వ నంబరు భవనానికి మారాడు. ముద్రిత చిత్రాలు, పుస్తకాలు, కాగితం, నీటి రంగులు, చిత్రకారులకు కావలసిన ఇతర సామగ్రి అక్కడ లభించేవి. ఫ్రెంచి విప్లవం కారణంగా దేశం విడిచి వచ్చిన అనేకులకు అలంకరణ వస్తువుల తయారీలో ఉపాధి కల్పించాడు. 1801లో కాగితానికి, వస్త్రానికి నీరు అంటకుండా చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1809లో బ్రిటిష్ పౌరసత్వం స్వీకరించాడు.

ఇతని ముఖ్య ప్రచురణలు:

- లండన్ నగర జీవితాన్ని చూపే "మైక్రోకాజమ్ ఆఫ్ లండన్" (1808-1810). మూడు సంపుటాలు, 104 రంగు చిత్రాలు. భవనాలను ఆగస్టస్ చార్లెస్ ప్యూజిన్, మనుష్యులను థామస్ రోలాండ్‌సన్ చిత్రించారు.
- "రిపాజిటరీ ఆఫ్ ఆర్ట్స్" మాసపత్రిక. 1809లో ప్రారంభమై సుమారు రెండు దశాబ్దాలు నడిచింది. ఆనాటి వస్త్రధారణ, గృహోపకరణాలు తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ దీనిని సంప్రదిస్తారు.
- ఆక్స్‌ఫర్డ్ (1814), కేంబ్రిడ్జి (1815) విశ్వవిద్యాలయాల చరిత్రలు.
- రోలాండ్‌సన్ చిత్రాలకు విలియం కూమ్ పద్యాలు వ్రాసిన డాక్టర్ సింటాక్స్ హాస్య కథలు. కూమ్ అప్పులవారి చెరసాలలో ఉంటూ ఈ రచన సాగించాడు.
- 1823 సంవత్సరానికి వెలువడిన "ఫర్గెట్ మీ నాట్". ఇంగ్లాండులో సాహిత్య వార్షికల ఒరవడి దీనితో మొదలైంది.

రాతి అచ్చు విధానాన్ని ఇంగ్లాండులో వ్యాప్తి చేసినవారిలో ఇతడు ఒకడు. 1817లో స్వయంగా రాతి అచ్చు యంత్రాన్ని నెలకొల్పాడు. ఆ విధానాన్ని కనిపెట్టిన సెనెఫెల్డర్ గ్రంథానికి 1819లో ఆంగ్లానువాదం ప్రచురించాడు. 1820లలో దక్షిణ, మధ్య అమెరికాల కొత్త దేశాల పాఠకుల కోసం స్పానిష్ భాషలో అనేక పుస్తకాలు వెలువరించాడు. 1813లో లైప్‌జిగ్ యుద్ధం వలన నష్టపోయిన జర్మన్ ప్రజల కోసం విరాళాలు సేకరించి పంపడంలో ముఖ్య పాత్ర వహించాడు.

కదిలే ఇరుసు పేటెంటు

ఆనాటి నాలుగు చక్రాల బండిలో ముందు ఇరుసు మొత్తం మధ్యనున్న ఒకే నిలువు మేకు చుట్టూ తిరిగేది. బండిని బాగా మలిపినప్పుడు ముందు చక్రాలలో ఒకటి బండి కిందికి పోయేది. అందువలన ముందు చక్రాలు చిన్నవిగా ఉండవలసి వచ్చేది. అంతకంటే పెద్ద సమస్య, మలుపులో బండికి ఆధారమైన వెడల్పు తగ్గి బండి బోల్తా పడే ప్రమాదం.

మ్యూనిక్ నగరానికి చెందిన బవేరియా రాజాస్థానపు బండ్ల తయారీదారు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీనికి పరిష్కారం కనుగొన్నాడు. ఇరుసును కదలకుండా బిగించి, దాని రెండు చివరల చక్రాలు మాత్రమే విడివిడి కీళ్ళపై తిరిగేటట్లు చేశాడు. ఇంగ్లాండులో అతని తరపున ఆకర్‌మన్ 1818 జనవరిలో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి సంవత్సరం ఈ ఇరుసు ప్రయోజనాలను వివరిస్తూ ఒక పుస్తకం కూడా ప్రచురించాడు. కాని బండ్ల తయారీదారులు దీనిని ఆదరించలేదు. గుర్రపు బండ్ల కాలంలో పాత పద్ధతే కొనసాగింది.

పేరు ఎవరిది?

పేటెంటు పత్రాలలో ఆకర్‌మన్ పేరు ఉన్నందువలన, ఇంగ్లీషు పుస్తకాల ద్వారా ఆ పేరే ప్రపంచమంతటా నిలిచిపోయింది. లాంకెన్‌స్పెర్గర్ పేరు జర్మనీ వెలుపల అరుదుగా వినబడుతుంది. వీరిద్దరికంటే సుమారు అరవై ఏళ్ళు ముందే, ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ తాతగారైన ఎరాస్మస్ డార్విన్ ఇటువంటి అమరికను రూపొందించాడు. వైద్యుడైన అతడు రోగులను చూడటానికి దూర ప్రయాణాలు చేసేవాడు. అయితే అతడు పేటెంటు తీసుకోలేదు.

1873లో ఫ్రాన్సులో అమేదే బోలే తన ఆవిరి వాహనానికి విడివిడిగా తిరిగే ముందు చక్రాలను అమర్చాడు. 1878లో షార్ల్ జాంతో చక్రాల చేతులను ఏటవాలుగా ఉంచి కడ్డీతో కలిపే అమరికను ప్రతిపాదించాడు. 1893లో కార్ల్ బెంజ్ తన స్టీరింగుకు జర్మన్ పేటెంటు పొందాడు. ఆ విధంగా ఆకర్‌మన్ మరణించిన ఆరు దశాబ్దాల తరువాత ఈ ఆలోచన మోటారు కార్లలో స్థిరపడింది.

సూత్రం

మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంపై, వెలుపలి చక్రం పెద్ద వృత్తంపై నడుస్తాయి. టైర్లు నేలపై రాసుకోకుండా దొర్లాలంటే నాలుగు చక్రాల వృత్తాలకూ కేంద్రం ఒక్కటే కావాలి. ఆ కేంద్రం వెనుక ఇరుసు రేఖను పొడిగించిన చోట ఉంటుంది. ఉదాహరణకు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు, ముందు చక్రాల కీళ్ళ మధ్య దూరం 1.2 మీటర్లు అనుకుందాం. కేంద్రం లోపలి కీలు నుండి అడ్డంగా 4 మీటర్ల దూరంలో ఉంటే లోపలి చక్రం సుమారు 31 డిగ్రీలు, వెలుపలి చక్రం సుమారు 25 డిగ్రీలు తిరగాలి. చక్రాల చేతులను వెనుక ఇరుసు మధ్యభాగం వైపు వాలుగా ఉంచితే ఈ తేడా చాలావరకు దానంతట అదే లభిస్తుంది.

ఎత్తు పెంచిన వాహనాలలో

కొండదారుల కోసం స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచిన పాత జీపు వంటి వాహనాలలో స్టీరింగు సమస్యలు తరచుగా కనబడతాయి. ముందు ఇరుసు ఒకే దిమ్మగా ఉన్న వాహనంలో చక్రాల చేతులు, వాటిని కలిపే టై రాడ్ ఇరుసు మీదనే ఉంటాయి. కాబట్టి ఎత్తు పెంచినంత మాత్రాన ఆకర్‌మన్ అమరిక చెడదు. మారేవి వేరే ఉన్నాయి:

- చక్రపు కీలు వెనుకకు వాలి ఉండే కాస్టర్ కోణం తగ్గవచ్చు. అప్పుడు వాహనం తిన్నగా పోదు, మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను మధ్యకు రాదు.
- స్టీరింగు పెట్టె నుండి చక్రానికి పోయే డ్రాగ్ లింక్ ఏటవాలు పెరుగుతుంది. స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తుంది. గతుకులపై వాహనం పక్కకు లాగుతుంది.
- ఇరుసును పక్కకు జరగకుండా పట్టి ఉంచే ట్రాక్ బార్, ఎత్తు పెరిగినపుడు ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. ఈ బార్, డ్రాగ్ లింక్ ఒకే వాలులో ఉండాలి.

పరీక్షించేటప్పుడు వాహనాన్ని నేల మీదనే ఉంచి, ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుండగా మరొకరు ప్రతి కీలును గమనించాలి. వదులు ఎక్కడ మొదలవుతుందో అక్కడే కనబడుతుంది. తరువాత చక్రాన్ని జాకీపై లేపి, స్టాండుతో భద్రపరచి, పైనా కిందా పట్టి కదిపితే బేరింగులు, బాల్ జాయింట్ల అరుగుదల తెలుస్తుంది. రెండు పక్కలా పట్టి కదిపితే టై రాడ్ చివరల అరుగుదల బయటపడుతుంది. వేగంలో ముందు చక్రాలు తీవ్రంగా ఊగిపోతుంటే ట్రాక్ బార్ బుష్‌లను, బోల్టులను తప్పక చూడాలి. కొత్త స్టీరింగు డాంపర్ బిగిస్తే ఊగుడు కొంతకాలం అణగవచ్చు గాని అరిగిన భాగం అరిగినట్లే ఉంటుంది. ఇది ప్రాణాపాయానికి దారి తీయగలదు.

నెమ్మదిగా పూర్తి మలుపు తిరిగేటప్పుడు టైర్లు రాసుకుంటూ శబ్దం చేస్తే మాత్రం ఆకర్‌మన్ అమరికను అనుమానించవచ్చు. టై రాడ్ గాని చక్రపు చేయి గాని వంగి ఉండవచ్చు. అంతకు ముందు నాలుగు చక్రాల చోదనం తీసివేసి ఉన్నదో లేదో చూడాలి. గట్టి రోడ్డుపై అది వేసి ఉన్నా స్టీరింగు బిగుసుకున్నట్లే అనిపిస్తుంది.

చివరి రోజులు

1830లో ఆకర్‌మన్ పక్షవాతానికి గురయ్యాడు. ఆ తరువాత వ్యాపారం వారసుల చేతికి వచ్చింది. 1834 మార్చి 30న లండన్ సమీపంలోని ఫించ్‌లీలో మరణించాడు. దుకాణం ఉన్న స్ట్రాండ్ వీధిలోనే, సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చిలో ఇతనిని ఖననం చేశారు. జీవితకాలంలో ఇతనికి ఖ్యాతి తెచ్చిన రంగుల గ్రంథాలు నేడు గ్రంథాలయాలలో, పురావస్తు సేకరణలలో భద్రంగా ఉన్నాయి. వ్యాపారపరంగా ఫలించని ఒక పేటెంటు మాత్రం మోటారు వాహనాలను గురించి చదివే ప్రతి విద్యార్థికీ ఇతని పేరును పరిచయం చేస్తున్నది.