తెల్లకణాల ఆట కట్టించిన యల్లాప్రగడ

కర్నూలు: కీళ్లవాతంతో పెద్దాసుపత్రికి వెళ్లేవారిలో చాలామందికి డాక్టర్లు మెథోట్రెక్సేట్ అనే చిన్న పసుప్పచ్చ మాత్ర రాస్తుంటారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద మోతాదులో ఇదే మందును రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకూ ఇస్తారు. దీని పుట్టుక వెనుక ఒక తెలుగువాడున్నాడని చీటీ పట్టుకుని మందుల షాపు ముందు నిలబడేవారిలో ఎందరికి తెలుసో! ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు రాజమండ్రిలో, తర్వాత మద్రాసులో సాగింది. వైద్య కళాశాలకు ఖద్దరు కట్టుకు వెళ్లినందుకు తెల్లదొర ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. తోడబుట్టినవారు ఇద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో రోజుల తేడాలో కన్నుమూశారు. అదే జబ్బు ఆయననూ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో బతికి బయటపడ్డారు.

1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుతూ, ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి 1925లో రూపొందించారు. అంత చేసినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు.

అసలు కథ అక్కడిదే. కాలేయంలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. తన ఇంటివారిని తీసుకుపోయిన స్ప్రూకు అది మందుగా పనిచేసింది.

మన రక్తంలోని తెల్లకణాలు ఒంటికి కావలివాళ్లు. రక్త కేన్సర్‌లో కంచే చేను మేసినట్టు, ఆ కణాలే అదుపు తప్పి పెరిగిపోతాయి. అలా పెరగడానికి వాటికి ఫోలిక్ ఆమ్లం కావాలి. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ జబ్బు పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరింది. అయితే దానికి విరుగుడు ఇస్తే? చూడడానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, దాని పని మాత్రం చేయని పదార్థం కావాలి. తాళంలో దూరి తిరగని తాళపుచెవి వంటిది. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆ ఉపశమనం కొద్ది నెలలదే. అయినా అంతకు ముందు ఆ తల్లిదండ్రులకు ఆ మాత్రం ఆశ కూడా లేదు.

ఆ వార్త వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53. ఆయన ప్రయోగశాలలోనే రూపొందిన మెథోట్రెక్సేట్‌తో 1956లో మాయకు సంబంధించిన ఒక కేన్సర్ పూర్తిగా నయమైంది. మరుసటి ఏడు కర్నూలు వైద్య కళాశాల వెలసింది.

భారత ప్రభుత్వం 1995లో ఆయన పేర తపాలా బిళ్ల వేసింది. 1923లో పడవెక్కిన మనిషి మళ్లీ స్వదేశం రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన కళ్లారా చూసుకోలేదు.