రక్తపు గ్రూపుల లాండ్‌స్టైనరు

కార్ల్ లాండ్‌స్టైనరు 1868లో జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తండ్రి గతింపగా తల్లియే పెంచెను.

ఆ రోజులలో ఒకరి నెత్తురు మరొకరికి ఎక్కించినచో కొందరు బ్రతికిరి, కొందరు మరణించిరి, హేతువు తెలియదు. ఈయన తన నెత్తురును, తోటివారి నెత్తురును తీసి, ఒకరి కణములను వేరొకరి సీరముతో కలిపి చూచెను. కొన్నిట కణములు గుంపుగూడెను, కొన్నిట గూడలేదు. ఇంత చిన్న పరీక్ష! దానితోనే 1901లో గ్రూపులను ప్రకటించెను. నోబెల్ బహుమానము మాత్రము 1930 దాక రాలేదు. 1943లో న్యూయార్కునందు ప్రయోగశాలలోనే గుండెపోటు వచ్చి, రెండు దినములకు కన్నుమూసెను.

1990లో శాస్త్రజ్ఞులు ఈ గ్రూపులను శాసించు జన్యువును చదివిరి. థలసీమియా బిడ్డలవలె పలుమార్లు నెత్తురెక్కించుకొన్నవారిలో దాతల కణములు కలిసియుండుటచే ఆయన పరీక్ష తడబడవచ్చును. అప్పుడు రోగి డి.ఎన్.ఏ. చూచి గ్రూపు తేల్చుచున్నారు.