జపమాల ముగిశాక ఎవరి కోసం?

సాయంత్రం ఇంటిల్లిపాది కూర్చుని జపమాల చెప్పుకుంటారు కదా. చివర పిల్లల చదువుల కోసం, పంట కోసం, అప్పులు తీరాలని వేడుకుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే మీ వీధి చివర ఉన్న ఇంటివారి కోసం ఎప్పుడైనా ప్రార్థించారా? కారంచేడులోగాని, చీరాలలోగాని, తెనాలిలోగాని, ప్రతి కతోలిక కుటుంబం వేసుకోవలసిన ప్రశ్న ఇది. దీనికి జవాబుగా ఒక కుటుంబం సంగతి చెబుతాను, వినండి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఎడ్వర్డ్, మార్గరెట్ గ్లౌరీ దంపతులకు తొమ్మిదిమంది పిల్లలు. మూడవ బిడ్డ మేరీ 1887 జూన్ 23న పుట్టింది. తరువాత వారు వాచెం అనే మారుమూల పల్లెలో స్థిరపడ్డారు. ఆ ఇంట కుటుంబ ప్రార్థనలో రోజూ గురువుల కోసం, డాక్టర్ల కోసం ప్రార్థించడం పిల్లలకు అలవాటు చేశారు. జబ్బుపడినవారిని మనసులో ఉంచుకుని చేసే ప్రార్థన అది. అలా ప్రార్థిస్తూ పెరిగిన మేరీయే 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరై వచ్చింది!

ఆడవారు డాక్టర్లు కావడమే అరుదైన ఆ రోజుల్లో ఆమెకు మెల్బోర్న్ నగరంలో మంచి ప్రాక్టీసు ఉండేది. 1915 అక్టోబరు 24న ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. స్కాట్లండు డాక్టరమ్మ ఆగ్నెస్ మెక్లారెన్ గురించినది అది. పరాయి మగవారికి చూపించుకోలేక, చూసే ఆడ డాక్టర్లు లేక భారతదేశంలో తల్లులు, పసిబిడ్డలు చనిపోతున్నారని అందులో చదివింది. తన పిలుపు ఏమిటో ఆనాడే ఆమెకు తెలిసిపోయింది.

1920 ఫిబ్రవరి 12న ఆమె గుంటూరులో అడుగుపెట్టి, యేసు మరియ జోజప్ప సభలో చేరింది. సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయింది. కన్యస్త్రీలు వైద్యం చేయకూడదనే నియమం అప్పుడు ఉండేది. పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు ఆమెకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. చిన్న మందుల గదిగా ఉన్నది ఆమె చేతిలో సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. ఎన్నో ఏళ్లు అక్కడ ఆమె ఒక్కతే డాక్టరు. లక్షలాది రోగులకు సేవ అందింది. తానొక్కతే చేస్తే చాలదని మన ఆడపిల్లలకు నర్సు పని, మంత్రసాని పని నేర్పించింది. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. క్యాన్సరు బాధను భరించి 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూసింది. పుట్టిన దేశాన్ని తిరిగి చూడనేలేదు. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు.

ఆమె సేవచేసిన కాలంలో మన కారంచేడు గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఆమె చనిపోయిన 28 ఏళ్లకు, 1985 జూలైలో ఆ ఊళ్లో ఏం జరిగిందో మీకు తెలుసు. దళితవాడవారు తాగే చెరువు నీళ్లను మురికి చేయవద్దని అడిగినందుకు తగాదా మొదలైంది. 17వ తేదీన ఆరుగురు దళితులను చంపారు. మిగిలిన కుటుంబాలు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకు పరుగెత్తాయి. చంపినవారు, చనిపోయినవారు ఒకే ఊరివారు. ఊరు ఒక్కటే అయినా ఒకరికొకరు పొరుగువారు కాలేకపోయారు. సముద్రాలు దాటి వచ్చిన సిస్టర్ మేరీ మాత్రం మనకు పొరుగింటి మనిషి అయింది. దూరం మైళ్లలో లేదని, మనసులోనే ఉందని ఇక్కడే తెలుస్తోంది.

కనుక ఈ రాత్రి జపమాల ముగిశాక ఒక్క పని చేయండి. మీ ఊళ్లో ఇబ్బందిలో ఉన్న ఒక ఇంటివారి పేరు మీ పిల్లలతోనే చెప్పించి, వారి కోసం ప్రార్థించండి. వారిది ఏ కులమో, ఏ గుడో అడగకండి. మరునాడు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ గడప తొక్కండి. మంచం పట్టినవారు ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పొయ్యి వెలగకపోతే క్యారియరులో అన్నం పట్టుకెళ్లండి. ఏమీ ఇవ్వలేకపోతే కాసేపు కూర్చుని వారి కష్టం వినండి.

మొదటి రోజు మొహమాటంగానే ఉంటుంది. సేవ ఎవరికీ పుట్టుకతో రాదు, ఇంట్లో నేర్చుకోవలసిందే. వాచెం పల్లెలో ఆ తల్లిదండ్రులు మొదలుపెట్టింది కూడా ఒక చిన్న ప్రార్థనతోనే కదా!