చార్లెసు డార్విను విద్యాభ్యాసము

ప్రకృతిశాస్త్రజ్ఞులలో మిక్కిలి ప్రఖ్యాతి గాంచిన చార్లెసు డార్విను 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండునందలి ష్రూస్‌బరీ పట్టణమున ఒక వైద్యుని యింట జన్మించెను. తొమ్మిదవ యేట అచ్చటి పాఠశాలలో చేరి యేడు సంవత్సరములు చదివెను. అందు బోధింపబడునవి విశేషముగా లాటిను, గ్రీకు భాషలే. వల్లించిన పద్యములను ఈ బాలుడు రెండు దినములలో మరచుచుండెను. ఇంటియొద్దనో, అన్నయగు ఇరాస్మసు తోటలోని పనిముట్ల కొట్టమున రసాయనశాల నేర్పరుపగా, రాత్రి ప్రొద్దుపోవువరకు అన్నకు తోడై వాయువులను తయారుచేయుచుండెను. తోడి బాలురు వానికి ‘గ్యాసు’ అని పేరిడిరి. ప్రధానోపాధ్యాయుడగు డాక్టరు బట్లరు, పనికిమాలిన విషయములలో కాలము వృథాపుచ్చుచున్నాడని అందరియెదుట మందలించెను. ఆ పాఠశాల కొలిచినది వేరు, ఆ బాలుడు నేర్చినది వేరు.

ఆసక్తిని పుట్టించుటయు చంపుటయు బోధనపై నెంతగా నాధారపడియున్నదో తెలుపుటకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు కానరాదు. 1825లో వైద్యవిద్యకై ఎడింబరోకు పంపబడిన డార్విను, అచ్చట జేమ్సను అను ఆచార్యుని భూగర్భశాస్త్రోపన్యాసములు విని విసిగి, బ్రతికియుండగా ఆ శాస్త్రగ్రంథము ముట్టరాదని నిశ్చయించుకొనెను. మత్తుమందు లేని ఆ దినములలో ఒక బిడ్డకు జరుగుచున్న శస్త్రచికిత్సను చూడజాలక బయటికి పారిపోయెను.

వైద్యము విడిచి 1828లో కేంబ్రిడ్జి చేరెను. అచ్చట పెంకుపురుగులను సేకరించుట వ్యసనమయ్యెను. ఒకనాడు చెట్టుబెరడు నొలువగా అరుదైన పురుగులు రెండు కనబడెను. చెరియొక చేత పట్టుకొనెను. అంతలో మూడవది కనబడగా, కుడిచేతి పురుగును నోట వేసికొనెను! అది ఘాటైన ద్రవమును చిమ్మగా నాలుక మండి ఉమ్మివేసెను. అదియు పోయెను, మూడవదియు పోయెను. మా విద్యార్థులు ఈ పద్ధతి ననుసరింపకుందురు గాక.

వృక్షశాస్త్రాచార్యుడగు హెన్‌స్లో పాఠము చెప్పుటయే గాక శిష్యులను పొలములకును నదీతీరములకును వెంటబెట్టుకొని పోవుచుండెను. డార్విను పెక్కు దినములు వానితో నడచెను. 1831లో ఆచార్య సెడ్జివిక్కుతో వేల్సు కొండలలోని శిలలను పరీక్షించెను. ఎడింబరోలో రోసిన శాస్త్రమే యిది! ఆ సంవత్సరాంతముననే, హెన్‌స్లో సిఫారసుచే, బీగిలు అను ఓడలో పయనమై 1836లో తిరిగివచ్చెను. ఆ యాత్రలో చూచినవియే 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథమునకు పునాదులయ్యెను.

ఆసక్తి లేనిచోట కలిగిన నష్టమును గూడ చెప్పవలయును. బీజగణితమున అర్థము కనబడలేదని ఆరంభముననే దానిని విడిచి, పెద్దవాడైన పిమ్మట మిగుల చింతించెను. ఎడింబరోలో జంతువులను కోసి పరీక్షించుట అలవరచుకొనలేదు. బొమ్మలు గీయుటయు రాదు. అందుచే ఓడలో శ్రమపడి వ్రాసిన జంతువర్ణనలు పెక్కులు నిరుపయోగములయ్యెను.